మూడో చౌకీ

పోయిన నెలలో ఆఫీసు నుంచి ఇంటికి వస్తుంటే, ఫ్లైఓవరు కింద ఒక ముసలమ్మ గంపలో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది. కారు పక్కకు ఆపి అద్దం దించాను. "తోటయి గావు బిడ్డా, గుట్టల కాయలు. జర వాసన సూడు," అంటూ ఒకటి విప్పి నా ముక్కు దగ్గర పెట్టింది. నిజమే. తోటకాయ తియ్యగా ఉంటుంది, అంతే. గుట్టకాయలో తీపితో పాటు ఎండకు కాగిన రాతి వాసన, రాలిన ఆకుల వాసన కూడా ఉంటాయి. వెనకాల హారన్లు మోగుతున్నా పట్టించుకోకుండా, మోచేతులు స్టీరింగుకు ఆనించి కాయ మొత్తం తినేశాను. గింజలు అరచేతిలోకి ఉమ్ముకుంటూ ఉంటే, పదకొండేళ్ల వయసులో ఒక దసరా సెలవుల్లో ఎక్కిన గుట్ట గుర్తుకొచ్చింది.

అప్పట్లో మేం శేరిలింగంపల్లిలో, రైలు పట్టాలకు కాస్త ఇవతల, ఒక డాబా ఇంటి వెనక భాగంలో కిరాయికి ఉండేవాళ్లం. నాన్నది ప్రభుత్వోద్యోగం. విశాఖకు అవతల సముద్రపు ఒడ్డు ఊరి నుంచి బదిలీ మీద వచ్చాం. ఇప్పుడు గాజు మేడలున్న చోట అప్పుడు అన్నీ బండలే. ఏనుగంత బండలు, ఇంటంత బండలు, ఎవరో ఆటకు ఒకదాని మీద ఒకటి పేర్చి మరిచిపోయినట్టుండేవి. మధ్యాహ్నం పూట ఎక్కడో రాళ్లు పేల్చేవాళ్లు. ముందు ఈల వినిపించేది, తర్వాత ధన్‌మని మోత, ఆ తర్వాత మా గూట్లో స్టీలు గ్లాసులు సన్నగా మోగేవి. అమ్మ అన్నంలో పప్పు కలుపుతూ, "ఇంకో కొండ అయిపోయింది," అనేది. మా స్కూలు మేడ మీద నుంచి చూస్తే దూరంగా ఒక గుండ్రటి భవనం లేస్తూ కనిపించేది. అందులో అన్నీ కంప్యూటర్లేనట, చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లాలట అని మా క్లాసులో గొప్పగా చెప్పుకునేవాళ్లం.

ఆ ఏడు వేసవి చివర్లో తాతయ్య మా దగ్గరికి వచ్చాడు. ఆయన ముప్పై ఏళ్లకు పైగా లైట్‌హౌస్‌లో పనిచేసి రిటైరైన మనిషి. తెల్లవారుజామున నాలుగింటికే లేచి, మెత్తటి బట్టతో అద్దాలు తుడవడం ఆయన అలవాటు. లైట్‌హౌస్ లేకపోయినా ఆ అలవాటు పోలేదు. మా ఇంట్లో బీరువా అద్దం, కిటికీ అద్దాలు, గోడగడియారం, చివరికి టీవీ తెర కూడా రోజూ తళతళలాడుతూ ఉండేవి. కానీ ఆయనకు మాత్రం ఏదీ తళతళలాడుతూ కనిపించేది కాదు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. ఒక కంటికి వెలుతురు తప్ప ఏమీ ఆనదు. రెండో కంటికి అంతా పాలు కలిపిన నీళ్లలోంచి చూసినట్టు ఉండేదట.

ఆపరేషన్ చేయిస్తే బాగైపోతుందని డాక్టరు చెప్పాడు. నాన్న సెలవు కూడా పెట్టాడు. తాతయ్య ససేమిరా అన్నాడు.

"ఈ ఊళ్లో చూడాల్సింది ఏముందిరా కోయించుకోడానికి? కిటికీ తీస్తే పక్కింటి గోడ. గుమ్మం దాటితే ఎదురింటి గోడ. నా చూపు వెళ్లి గోడకి కొట్టుకుని వెనక్కొచ్చేస్తోంది. అవి మసగ్గా కనిపిస్తేనే నయం."

చేపలు కూడా ఆయనకు నచ్చలేదు. అమ్మ ఎంత కష్టపడి పులుసు పెట్టినా, ముక్క వాసన చూసి, "బురదలో పుట్టిన చేపమ్మా ఇది, దీని తప్పు కాదులే," అని పక్కన పెట్టేవాడు.

వానాకాలంలో ఒకరోజు కేబుల్ కోసం వీధిలో తవ్విన కాలవలో పడ్డాడు. దెబ్బ పెద్దది కాదు. కానీ నాన్న భయపడిపోయి, "ఇక గేటు దాటొద్దు నాన్నా, నీకు దండం పెడతాను," అన్నాడు. ఆ రోజు నుంచి తాతయ్య నిజంగానే గేటు దాటలేదు. అద్దాలు తుడవడం కూడా మానేశాడు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. పెట్టిన అన్నంలో సగం వదిలేసేవాడు. ఒకసారి అమ్మ వంటింట్లో నాన్నతో, "మామయ్యగారు కళ్లు కాదండీ, మనిషే ఆరిపోతున్నారు," అనడం విన్నాను.

ఇక నా సంగతి. నాకు ఎత్తంటే భయం. ఏడేళ్లప్పుడు తాతయ్య లైట్‌హౌస్ చూపిస్తానని మనవలందరినీ తీసుకెళ్లాడు. సగం మెట్లు ఎక్కాక నేను కిందికి చూశాను. అంతే, కాళ్లు కదల్లేదు. ఇనుప కమ్మీ పట్టుకుని కెవ్వుమని ఏడ్చాను. తాతయ్య నన్ను వీపు మీద వేసుకుని కిందికి దించాల్సొచ్చింది. పెద్దనాన్న పిల్లలు ఆ రోజే నాకు 'సగంమెట్లు' అని పేరు పెట్టారు. ఉత్తరాల్లో కూడా 'సగంమెట్లుకి ముద్దులు' అని రాసేవాళ్లు. నేను ఆ ఉత్తరాలు చింపి పారేసేదాన్ని.

మాకు ఇల్లు కిరాయికిచ్చిన ఇంటాయన తల్లిని అందరూ అవ్వ అనేవాళ్లు. ముందు భాగంలో ఉండేది. తాతయ్య కన్నా నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. నడుం వంగినా గొంతు వంగలేదు. బియ్యప్పిండితో సర్వపిండి కాలిస్తే ఆ వెల్లుల్లి, నువ్వుల వాసన మా పెరట్లోకి వచ్చేది. వెనకే అవ్వ కూడా పళ్లెం పట్టుకుని వచ్చేది. ఒక సాయంత్రం అలా వచ్చి తాతయ్య మంచం పక్కన కూలబడింది.

"గదేంది సారూ, ఎప్పుడు సూసినా గోడ దిక్కే మొకం వెట్టుకుంటవు? గోడ ఏమన్న సినిమా సూపిస్తున్నదా?"

"ఇంకేం చూడమంటారండీ అక్కగారూ? మీ ఊళ్లో గోడలే కదండీ ఉన్నాయి."

అవ్వకు పౌరుషం వచ్చింది. "మా ఊళ్లె గోడలే ఉన్నయా? మా గుట్ట ఎక్కినవా నువ్వు? దాని మీదికెళ్లి సూస్తె గోల్కొండ ఖిల్లా అరచేతిల ఉన్నట్టు కనవడ్తది. ఖిల్లోల్ల జమానాల ఆడ పహారా గాసెటోల్లు. మూడు చౌకీలున్నయి. కిందిదొకటి, నడిమిదొకటి, నెత్తి మీద ఒకటి. దుష్మన్ల దండు వస్తున్నదంటే నెత్తి మీది చౌకీల మంట వెట్టెటోల్లు. ఖిల్లల ఉన్నోల్లు అది సూసి దర్వాజలు మూసుకునెటోల్లు."

తాతయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. అలా తనంతట తాను లేచి కూర్చుని ఎన్నాళ్లయిందో.

"మంట పెట్టేవారా? దూరం నుంచి కనబడేలా?"

"ఆఁ మరి!"

"అయితే అది లైట్‌హౌసే కదండీ!"

"గా ఇంగిలీసు నాకెర్క లేదు. చౌకీ."

అప్పుడే అటు వచ్చిన ఇంటాయన నవ్వాడు. "మా అమ్మ ముచ్చట్లు నమ్మకుండ్రి సార్. నేను గూడ ఎక్కిన. రెండే ఉన్నయి. మూడోది ఆమె కలల ఉంది."

"మేకలు గాసింది నేనా, నువ్వా?" అవ్వ కొడుకు మీద విరుచుకుపడింది. "నడిమి చౌకీ కాడ కూసోని బీడీ తాగి దిగొచ్చినవ్. పైకెక్కితె కదా కనవడేది!"

ఆ సాయంత్రం తాతయ్య సర్వపిండి మొత్తం తిన్నాడు. నేను పళ్లెం తీయబోతే నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగాడు: "ఏమే, మనం వెళ్దామా?"

నాన్నకు చెబితే ఒప్పుకోడు. అందుకే అమ్మకు చెప్పాం. అమ్మ స్టవ్ మీద పాలు పొంగబోతుంటే దించి, "ఆదివారం మీ నాన్న సికింద్రాబాదులో గృహప్రవేశానికి వెళ్తున్నారు. ఆ పూట వెళ్లి రండి," అంది. తర్వాత బీరువాలోంచి తన చేతి అద్దం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎర్ర ప్లాస్టిక్ చట్రం ఉన్న గుండ్రటి అద్దం. "ఆ గుట్ట మన మేడ మీదికి కనిపిస్తుంది. పైకి చేరగానే దీన్ని మెరిపించు. నేను తొమ్మిదిన్నర నుంచి మేడ మీదే ఉంటాను. పదిన్నరకల్లా మెరుపు కనబడకపోతే ఇంటాయన్ని తీసుకుని నేనే వచ్చేస్తాను. తర్వాత మీ నాన్నకు సమాధానం మీరిద్దరే చెప్పుకోవాలి."

మెరిపించడం తాతయ్య నేర్పాడు. ఎడమ చెయ్యి చాచి రెండు వేళ్లు చీల్చి పట్టుకోవాలి. ఎవరికి వెలుగు పంపాలో వాళ్లు ఆ రెండు వేళ్ల మధ్య కనబడాలి. కుడిచేతిలో అద్దం తిప్పుతూ ఎండ మరకను ఆ వేళ్ల మీద పడేలా చేయాలి. అంతే, వెలుగు సూటిగా వెళ్తుంది. మూడు సార్లు మెరిస్తే 'క్షేమం' అని అర్థం. నాలుగు రోజులు మేడ మీద సాధన చేశాను. ఎదురింటి గేదె మీద, కొబ్బరి బోండాల బండి మీద, ముఖ్యంగా వీధి చివర వరండాలో పాఠం చెప్పే లెక్కల మాస్టారి బట్టతల మీద. ఆయన మూడు సార్లు తల తడుముకుని ఆకాశం వైపు చూశాడు. క్షేమం అని ఆయనకు తెలీదు పాపం.

ఆదివారం నాన్న అటు వెళ్లగానే మేం ఇటు బయల్దేరాం. తాతయ్య, నేను, చేతికర్రతో అవ్వ. కొంతదూరం బస్సు, ఆ తర్వాత నడక. వానలు ఆగి పది రోజులై ఉంటుంది. గుట్ట మొదట్లో అంతా సీతాఫలం పొదలు. పండిన కాయలు చెట్టు మీదే పగిలి ఉన్నాయి, చీమలు బారులు తీరాయి. అవ్వ కర్రతో కొమ్మ వంచి, కళ్లు విచ్చిన కాయలు చూసి మరీ కోసి నా గౌను ఒళ్లో వేసింది. తాతయ్య చెయ్యి నా భుజం మీద ఉంది. "రాయి", "గుంట", "ముళ్లకంప కుడిపక్క" అంటూ నేను చెబుతుంటే ఆయన అడుగు వేసేవాడు. మొదట్లో భయంభయంగా వేశాడు. కాసేపటికి నేను చెప్పేలోపే పాదంతో రాతిని తడిమి ముందుకు వెళ్లిపోతున్నాడు.

"ఈ సారుకు కాల్లల్ల కండ్లున్నయే," అంది అవ్వ.

కింది చౌకీ అంటే ఒక బండ భుజం మీద నడుమెత్తు రాళ్ల వలయం. తాతయ్య మోకాళ్ల మీద కూర్చుని ఆ రాళ్ల సందులు వేళ్లతో తడిమాడు. "సున్నం లేదు. ఊరికే పేర్చారు. అయినా ఒక్కటీ కదల్లేదు చూడు," అన్నాడు, తనే కట్టినంత గర్వంగా. నడిమి చౌకీ ఇంకా పైన, రెండు పెద్ద బండలు ఒకదానికొకటి ఒరిగి గుడారంలా ఉన్న చోట. లోపల చల్లగా ఉంది. పైకప్పు మసిబట్టి నల్లగా ఉంది. అక్కడ కూర్చుని అమ్మ కట్టిచ్చిన పులిహోర, అవ్వ తెచ్చిన సర్వపిండి తిన్నాం. పాల క్యానులో తెచ్చుకున్న నీళ్లు తాగాం. అవ్వ మోకాళ్లు రుద్దుకుంటూ, "ఇగ నా వల్ల గాదు. నేనీడ్నే కూసుంట. గీ బండ ఎనకకెళ్లి పోతె మెట్ల లెక్క గుంతలుంటయి. పోయి సూసి రాండ్రి," అంది. తర్వాత ఒక్క క్షణం ఆగి, కొంచెం చిన్న గొంతుతో, "ఉంటయిగా? నేను ఎక్కి యాబయ్యేండ్లాయె," అంది.

గుంతలు ఉన్నాయి. వంపుగా లేచిన పెద్ద బండ మీద, ఎవరో ఉలితో తొలిచిన అరచెయ్యంత గుంతలు, పక్కపక్కనే రెండు నిచ్చెనల్లా పైకి వెళ్లాయి. తాతయ్య చెప్పులు విప్పి ఎక్కడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అక్కడ ఆగిపోయాడు. ఎండ సూటిగా బండ మీద పడి ఒకటే తెలుపు. ఆయన చెయ్యి పై గుంత కోసం వెతికింది, దొరకలేదు. ఇంకోసారి వెతికింది. కాలు కాస్త జారింది. నేను అరిచాను. ఆయన బండకు బల్లిలా అతుక్కుని, మెల్లగా, ఒక్కొక్క గుంతే దిగి వచ్చాడు. కింద కూర్చుని రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

"అంతా తెల్లగా ఉందే," అన్నాడు. "పద, దిగిపోదాం."

ఆ 'దిగిపోదాం' విన్నాక నాకు ఏదో అయింది. మళ్లీ ఆ మంచం, ఆ గోడ, ఆ సగం అన్నం కనిపించాయి. ఆయన వాచీ చూశాను. పది దాటింది.

"నేను ఎక్కి చూసి చెప్తాను తాతయ్యా."

ఆయన నా వైపు తిరిగాడు. నా ముఖం ఆయనకు కనబడలేదు కానీ, నా గొంతులో వణుకు వినబడే ఉంటుంది. వద్దనలేదు. "కిందికి చూడకు అని అందరూ చెప్తారు. నేనైతే చూడమంటాను," అన్నాడు. "ప్రతి అడుగుకీ ఒకసారి చూడు. నేల అక్కడే ఉందిలే, ఎక్కడికీ పోలేదు అనుకో. మళ్లీ పైకెక్కు. చూడకుండా ఎక్కితే భయం నీ వెనకాలే ఎక్కుతుంది."

అద్దం గౌను జేబులో పెట్టుకున్నాను. మొదటి గుంత. తాతయ్య నా మడమ పట్టుకుని రెండో గుంతలో పెట్టాడు. తర్వాత మూడోది. ఆయన చేతులు అందినంత వరకు అలాగే ఒక్కో పాదం పెట్టాడు. తర్వాత అందలేదు. అప్పుడు కిందికి చూశాను. బండను కరుచుకుని ఆగిపోయాను. లైట్‌హౌస్ మెట్ల మీద ఆగినట్టే. కానీ ఈసారి కింద తాతయ్య తల ఎత్తి నిలబడి ఉన్నాడు. నన్ను దించడానికి కాదు, నా కబురు కోసం. నేల అక్కడే ఉంది. ఇంకో గుంత. మోకాలు గీరుకుంది. బండ వేడికి అరచేతులు కాలుతున్నాయి. ఇంకో గుంత. ఇంకోటి. చివర్లో గుంతలు అయిపోయి బండ చదునుగా వంగింది. బోర్లా పడుకుని పాకుతూ వెళ్లి తలెత్తాను.

ఎదురుగా గోడ ఉంది.

నా ఎత్తున గుండ్రంగా కట్టిన గోడ, సున్నం అంటిన రాళ్లు, సగం కూలినా సగం నిలబడే ఉంది. మధ్యలో బండకు తొలిచిన లోతైన గుంట. మంట పెట్టే చోటు.

"అవ్వా!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. "ఉందవ్వా! మూడో చౌకీ ఉంది!"

కింది బండల్లోంచి గొంతు లేచింది. "సున్నం గోడ ఉన్నదా?"

"ఉంది!"

"మంట గుంత ఉన్నదా?"

"ఉంది!"

"జెప్పిన్నా లేదా! జెప్పిన్నా లేదా!" అంటూ అవ్వ కర్రతో బండను బాదడం పైదాకా వినిపించింది.

తాతయ్య మాత్రం తన డ్యూటీలో ఉన్నాడు. "ముందు తూర్పు చెప్పు. ఎప్పుడూ తూర్పుతో మొదలుపెట్టాలి."

నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. గాలి నా జడలు రెండూ ఎగరేస్తోంది. "తూర్పున గోల్కొండ కోట తాతయ్యా! పైన గది కూడా కనిపిస్తోంది. దాని ముందంతా బండలు, పొదలు. ఇటు పక్కన ఆ గుండ్రటి మేడ, దాని మీద క్రేను. ఉత్తరాన రైలు పోతోంది, గొంగళిపురుగులా ఉంది. పడమర తెల్లాపూర్ వైపంతా పచ్చగా పొలాలు, చెరువులు."

"దక్షిణం?"

తిరిగి చూసి ఆగిపోయాను. నైరుతి మూలకు దూరంగా ఒక వెండి గీత. గండిపేట చెరువు అయి ఉంటుంది. వానలకు నిండింది. పొగమంచులో దాని చివర ఆకాశంలో కలిసిపోయింది.

"నీళ్లు తాతయ్యా. చాలా నీళ్లు."

"అవతలి ఒడ్డు కనిపిస్తోందా?"

"లేదు. నీళ్లూ ఆకాశం కలిసిపోయాయి."

కింద నుంచి ఆయన గొంతు వచ్చింది. "మీ అమ్మకి కబురు పంపు. టైమైపోతోంది."

రైలు పట్టాల వెంట చూపు తెచ్చి, నీళ్ల ట్యాంకు పక్కన మా డాబా పట్టుకున్నాను. ఎడమ చెయ్యి చాచాను. ఎండ మరక వేళ్ల మీద నిలిచింది. ఒకటి. రెండు. మూడు. ఎదురు చూశాను. ఏమీ లేదు. మళ్లీ మూడు. పది ఇరవై దాటి ఉంటుంది. మళ్లీ మూడు. అప్పుడు అంత దూరాన, మా డాబా మీద, ఒక నిప్పురవ్వ వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది. అద్దం నాకిచ్చేసింది కదా, అమ్మ అన్నం తినే స్టీలు పళ్లెం ఎండలో ఊపుతోంది!

"అమ్మ పలికింది తాతయ్యా! పళ్లెంతో పలికింది!"

తాతయ్య నవ్వాడు. మా ఇంటికి వచ్చాక ఆయన అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు బండలకు తగిలి రెండు మూడు సార్లు వినిపించింది.

దిగడం ఎక్కడం కన్నా కష్టమైంది. చివరి గుంతల దగ్గర మళ్లీ ఆయన చేతులే నా మడమలు పట్టుకున్నాయి. నేల మీద నిలబడగానే ఆయన నా నెత్తి మీద చెయ్యి వేసి అన్న మాట ఒకటే: "ఆపరేషన్ చేయించుకుంటానే. అది నేను చూడాలి."

ఇంటికి వచ్చేసరికి గేటు దగ్గర నాన్న ఉన్నాడు. గృహప్రవేశం నుంచి ముందే వచ్చేశాడట. మేడ మీద భార్య పళ్లెం పట్టుకుని కొండకు సైగలు చేస్తుంటే చూసి, ఎండదెబ్బ తగిలిందేమోనని కంగారుపడ్డాడట. మమ్మల్ని చూడగానే నోరు తెరిచాడు. అయితే తాతయ్యే ముందు మాట్లాడాడు. "ఒరే, ఆ డాక్టరు ఎప్పుడు రమ్మన్నాడు? రేపు ఖాళీగా ఉంటాడా?" నాన్న తిట్టడం మరిచిపోయి, డాక్టరు చీటీ కోసం లోపలికి పరిగెత్తాడు. అవ్వ మాత్రం ముందు భాగంలోకి వెళ్లి, కొడుకు వినేలా కోడలితో, "నా కలల చౌకీ సూసొచ్చినం," అంది.

దసరా వెళ్లాక ఒక కంటికి ఆపరేషన్ అయింది. పచ్చగుడ్డ, నల్ల కళ్లద్దాలు, చుక్కల మందు, తలస్నానం వద్దు, వంగొద్దు. అన్నిటికీ చిన్నపిల్లాడిలా తలూపాడు. గుడ్డ విప్పిన రోజు నన్ను దగ్గరికి పిలిచి, ముఖం అటూ ఇటూ తిప్పి, "ముక్కు మీద పుట్టుమచ్చ ఎప్పుడు వచ్చిందే?" అన్నాడు. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి బీరువా అద్దం మీద బట్ట కిచకిచమన్న చప్పుడుకు నాకు మెలకువ వచ్చింది.

చలికాలం తగ్గుముఖం పట్టాక మళ్లీ గుట్ట ఎక్కాం. ఈసారి అమ్మ, నాన్న, ఇంటాయన కూడా వచ్చారు. అవ్వ నడిమి చౌకీలో మహారాణిలా కూర్చుంది. తాతయ్య ఆ గుంతల మెట్లు ఎవరి సాయమూ లేకుండా, ఒక్కసారి కూడా ఆగకుండా ఎక్కేశాడు. డెబ్భై దాటిన మనిషి. వెనకాలే నేను. ఇంటాయన పైకి వచ్చి గోడ చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, చివరికి కిందికి అరిచాడు: "అమ్మా! ఉన్నదే!"

"నీకంటె ముందుగాల ఒక ఆడపిల్ల సూసొచ్చింది తియ్యి!" అని జవాబు వచ్చింది.

తాతయ్య తూర్పుతో మొదలుపెట్టి చుట్టూ చూశాడు. తొందరపడలేదు. కోట, క్రేను, రైలు, పొలాలు అన్నీ నేను చెప్పినట్టే ఉన్నాయని తలూపాడు. దక్షిణానికి తిరిగాడు. ఆ రోజు మంచు లేదు, గాలి తేటగా ఉంది. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అవతలి ఒడ్డు కనిపిస్తోందే," అన్నాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "ఆ రోజు నిజంగా కనపడలేదు తాతయ్యా!"

"కనపడకపోవడం వల్లేగా నేను ఇక్కడికొచ్చాను," అన్నాడు. కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, ఆ నీళ్ల వైపే చూస్తూ ఉండిపోయాడు.

అంతలో కింద నుంచి అమ్మ పిలుపు. వంగి చూశాను. నాన్న సగం దాకా ఎక్కి ఆగిపోయాడు. తాతయ్యను గేటు దాటనివ్వని నాన్న, బండను కౌగిలించుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. చొక్కా వీపంతా చెమట. నేను నవ్వలేదు. మెల్లగా పక్క వరసలో ఆయనకన్నా కిందికి దిగి, నా కాళ్లు రెండు గుంతల్లో కుదురుగా పెట్టుకుని, ఆయన మడమ పట్టుకున్నాను.

"నాన్నా, కళ్లు తెరువు. ఒకసారి కిందికి చూడు."

"చూడను."

"నేల అక్కడే ఉంది నాన్నా. ఎక్కడికీ పోలేదు. చూసి పైకి రా."

ఆయన ఒక కన్ను తెరిచాడు. కిందికి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు, ఈ పిల్ల ఎవరిదా అన్నట్టు. నేను ఆయన పాదాన్ని తర్వాతి గుంతలో పెట్టాను. ఆ తర్వాతిదాంట్లో ఇంకోటి. నాన్న పైకి చేరి గోడను ఆనుకుని కూలబడ్డాక, అమ్మ కట్టిన పులిహోర పొట్లం విప్పి తాతయ్య మొదటి ముద్ద నాకు పెట్టాడు.

ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే తాతయ్య రెండో కంటికి కూడా ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇంకా పదేళ్లకు పైగా, తృప్తిగా, ప్రతిదాన్నీ తేరిపార చూస్తూ బతికాడు. అవ్వ పోయింది. ఆ గుట్ట కూడా దక్షిణం వైపు సగం పోయింది. పోయిన సగంలోనే ఉంది మూడో చౌకీ. అది ఉండేదని చెబితే ఇప్పుడు ఎవరూ నమ్మరు. అవ్వ మాటే వాళ్ల కొడుకు నమ్మలేదు, నా మాట ఎవరు నమ్ముతారు?

నమ్మకపోయినా నాకు బాధ లేదు. ఆ తర్వాత లిఫ్టులు, విమానాలు నన్ను అంతకన్నా చాలా ఎత్తుకు తీసుకెళ్లాయి. అక్కడికి మాత్రం నన్ను ఎవరూ తీసుకెళ్లలేదు. మోకాలు గీరుకుని, అరచేతులు కాల్చుకుని, నేనే ఎక్కాను. అవ్వ తర్వాత యాభై ఏళ్లకు ఆ చౌకీ నుంచి మొదట కేక వేసింది నేను.